గండిపేట నీళ్లకు దారి చూపిన ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మనిషి అన్నం లేకుండా కొన్నాళ్లు బతకగలడు గానీ నీళ్లు లేకుండా బతకలేడు. అయితే నీళ్లు ఉంటే చాలదు, అవి మంచినీళ్లు కావాలి. తాగే నీళ్లకు మన పెద్దవాళ్లు పెట్టిన పేరే మంచినీళ్లు. వరద వచ్చినా, కరువు వచ్చినా ముందుగా పోయేది ఆ మంచితనమే. వరదలో మురుగు వచ్చి బావుల్లో కలుస్తుంది. కరువులో జనం దొరికిన నీళ్లే తాగుతారు. ఆ వెనుకనే వాంతులు, విరేచనాలు బయలుదేరతాయి. ఇది పాతకాలపు కథ అనుకోవద్దు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో మంచినీటి గొట్టాల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. 2024లో మన పల్నాడు జిల్లాలోనే పిడుగురాళ్ల, దాచేపల్లి కాలనీల్లో మళ్లీ అదే భయం చూశాము.

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని ఈపూరు తమ్ముళ్లు అడిగినప్పుడు మేము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని ఎంచుకున్నాము. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15ను దేశమంతా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఆయనను ఆనకట్టలు కట్టిన మనిషిగా చదువుకున్నాము. కానీ ఆయన ఉద్యోగ జీవితంలో చాలా సంవత్సరాలు ఊళ్లకు మంచినీళ్లు తేవటానికి, ఊళ్లలోని మురుగును బయటకు పంపటానికి ఖర్చయ్యాయన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. ఈ వ్యాసంలో ఆ సంగతే ముఖ్యంగా చెప్పదలచుకున్నాము.

బాల్యం, చదువు

విశ్వేశ్వరయ్య గారు 1861లో మైసూరు సంస్థానంలో చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దెనహళ్లి గ్రామంలో పుట్టారు. ఆయన పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. అంటే మనకు పొరుగు ప్రాంతమే. ఊరు వదిలి తరాలు గడిచినా ఆ కుటుంబం ఊరి పేరును ఇంటిపేరుగా నిలుపుకుంది. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు, ఆయుర్వేద వైద్యం తెలిసినవారు. పేరుకు పాండిత్యం ఉంది గానీ ఇంట్లో డబ్బు లేదు. పిల్లవాడు ఇంకా చదువుకుంటుండగానే తండ్రి కర్నూలులో మరణించారు.

తరువాత మేనమామ రామయ్య గారి అండతో బెంగళూరులో చదువు సాగింది. సెంట్రల్ కాలేజీలో చేరారు. ఫీజు కట్టటానికి, బట్టలకు దారి లేక ఒక కొడగు అధికారి ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పారు. రాత్రి నిద్ర ఆ ఇంట్లో, భోజనం మేనమామ ఇంట్లో. ఈ రెంటి మధ్య రోజూ నడకే. 1881లో బి.ఏ. పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో బొంబాయి రాష్ట్రంలోనే మొదటివారుగా నిలిచారు.

ఇక్కడ మేము ఒక మాట చెప్పుకోవాలి. మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్నది మేమే మొదలు. స్కాలర్‌షిప్పు మంజూరైందా లేదా అని నోటీసుబోర్డు చూసుకోవటం అంటే ఏమిటో మన హాస్టల్లో చదివిన ప్రతివాడికీ తెలుసు. విశ్వేశ్వరయ్య గారికి తండ్రి డబ్బు ఇవ్వలేకపోయినా చదువు విలువ తెలిసిన ఇల్లు ఉంది. మనలో చాలామందికి ఆ ఇల్లు కూడా లేదు, హాస్టలే ఉంది. అయినా ప్రభుత్వం ఇచ్చిన నాలుగు రూపాయల సహాయం ఒక పిల్లవాడిని ఎంత దూరం తీసుకుపోగలదో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆ రోజుల్లో నీళ్ల గురించి తెలిసిందేమిటి

ఆయన పని అర్థం కావాలంటే ముందు ఆ కాలం తెలియాలి. కలరా చెడుగాలి వల్ల వస్తుందని లోకమంతా నమ్మిన రోజులవి. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్లను లెక్కవేసి, వారిలో ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒకే చేతిపంపు నీళ్లు తాగారని చూపించారు. ఈ డాక్టరు కూడా కూలి పని చేసే ఇంట్లో పుట్టినవారే. 1884లో జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో పరిశోధన చేసి, అక్కడి చెరువు నీళ్లలో కలరా క్రిమిని చూశారు. విశ్వేశ్వరయ్య గారు బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరింది కూడా ఆ 1884లోనే.

1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా వచ్చి 8 వేలకు పైగా జనం చనిపోయారు. దాని పక్కనే ఆల్టోనా అనే ఊరు ఉంది. రెండూ తాగేది ఎల్బే నది నీళ్లే. పైగా ఆల్టోనా దిగువన ఉంది, హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్లే దానికి దిక్కు. అయినా అక్కడ చావులు చాలా తక్కువ. కారణం ఒక్కటే. ఆల్టోనాలో నీళ్లను ఇసుక పడకల గుండా వడగట్టి ఇచ్చారు, హాంబర్గ్‌లో వడగట్టకుండా ఇచ్చారు. ఇసుకలో నుంచి నెమ్మదిగా దిగే నీటిలోని మట్టి, క్రిములు చాలావరకు ఆ పొరల్లోనే ఆగిపోతాయి. మందు లేని కాలంలో ఇసుకే మందుగా పనిచేసింది.

సక్కర్ బావి

హాంబర్గ్‌లో అంత ఘోరం జరిగిన రెండేళ్లకు, 1894లో విశ్వేశ్వరయ్య గారిని సింధు రాష్ట్రంలోని సక్కర్ పట్టణానికి పంపారు. అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఊరి పక్కనే సింధు నది. కానీ నీళ్లు బురద బురదగా ఉంటాయి. ఆ నీళ్లను గుట్ట మీదికి తోడి, వడగట్టి, గొట్టాల ద్వారా ఊరికి ఇవ్వాలి. పెద్ద వడపోత కేంద్రం కట్టే స్తోమత ఆ మునిసిపాలిటీకి లేదు.

డబ్బు లేదని ఆయన వెనక్కి రాలేదు. గట్టుకు దగ్గరగా నది పడకలోనే గుండ్రటి బావి తవ్వించారు. నది ఇసుకలో నుంచి ఊరి వచ్చే నీరు బావిలోకి తేటగా చేరుతుంది. ఊట చాలదని తేలినప్పుడు బావి అడుగు నుంచి నది కిందుగా సొరంగం తవ్వించి ఊటను పెంచారు. ఆ తేటనీళ్లను మరపంపులతో గుట్ట మీదికి ఎక్కించి, అక్కడి నుంచి ఊరికి వదిలారు. 1895లో పని పూర్తయింది. కోరినంత డబ్బు లేని చోట నదిలోని ఇసుకనే వడపోత యంత్రంగా వాడుకోవటంలో ఉంది ఆయన గొప్పతనం. ఏటి ఇసుకలో చెలమ తీసి నీళ్లు తాగిన మన అవ్వలకు ఈ కిటుకు కొత్తది కాదు. ఆయన దాన్ని ఒక పట్టణానికి సరిపడా లెక్కకట్టి చూపించారు.

తరువాత సూరత్, పూనాల్లో పనిచేశారు. 1901లో బొంబాయి రాష్ట్రానికి శానిటరీ ఇంజనీరు అయ్యారు. ధార్వాడ, బిజాపురం వంటి పట్టణాల నీటి పథకాలు ఆయన చేతుల మీదుగా సాగాయి. పూనాకు నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా చెరువుకు 1903లో తానే రూపొందించిన తలుపులు పెట్టించారు. వరద పెరిగితే వాటంతట అవే తెరుచుకుని, తగ్గితే మూసుకునే తలుపులవి. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలిచింది. 1906లో అరేబియా తీరంలోని ఆడెన్ పట్టణానికి వెళ్లారు. అక్కడ సముద్రపు నీటిని కాచి, ఆవిరిని చల్లార్చి తాగేవారు. అది ఖర్చుతో కూడిన పని. ఆయన పట్టణానికి దూరంగా ఉన్న ఏటి పడకలో బావులు తవ్వి నీళ్లు తెచ్చే మార్గం చూపారు. మురుగు పారుదలకూ పథకం రాసిచ్చారు. ఎక్కడికి వెళ్లినా ఆయన ఈ రెంటినీ విడదీయలేదు. తాగేనీరు ఊళ్లోకి రావటం సగం పని, వాడిన నీరు ఊళ్లో నుంచి పోవటం మిగతా సగం.

మూసీ వరద

మన తెలుగు నేలకు ఆయన చేసిన పెద్ద సేవ హైదరాబాదులో జరిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగింది. సుమారు 15 వేలమంది చనిపోయారని చెబుతారు. వేలాది ఇళ్లు కూలాయి. వంతెనలు మునిగాయి. అఫ్జల్‌గంజ్ వైపు ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అప్పటికి విశ్వేశ్వరయ్య గారు బొంబాయి ఉద్యోగం చాలించుకుని విదేశాల్లో ఉన్నారు. నిజాం ప్రభుత్వం కబురు పంపి రమ్మంది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదులో పని మొదలుపెట్టారు.

వరద తీసిన తరువాత గోడలు కట్టి ఊరుకోవచ్చు. ఆయన ముందు లెక్కలు తీశారు. వాన ఎంత కురిసింది, ఏ గోడమీద నీటి మరక ఎంత ఎత్తున ఉంది, నదిలో ఎన్ని నీళ్లు పోయాయి అని ఊరూరా కొలిపించారు. హైదరాబాదుకు ఎగువన సుమారు 860 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, ఆ వానకు వాటిలో 200కు పైగా తెగాయని తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి ఆ కిందిదాని మీద పడటం, ఇట్లా గొలుసుకట్టుగా నగరం మీదికి నీళ్లు వచ్చాయి. గొలుసుకట్టు చెరువులు ఉన్న ఊళ్లవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఆయన ఇచ్చిన సలహా ఏమిటంటే, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు అవి నీళ్లను ఆపి, నది ఓర్చుకోగలిగినంతే కిందికి వదులుతాయి. ఆగిన నీళ్లు నగరానికి తాగునీరవుతాయి. అంటే 1908లో ప్రాణాలు తీసిన నీళ్లనే దాహం తీర్చే నీళ్లుగా మార్చే పథకం అది. మూసీ మీది ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. దాన్నే జనం గండిపేట చెరువు అంటారు. ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. కట్టించే బాధ్యత మోసిన ఇంజనీర్లలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారిని తప్పక తలచుకోవాలి. రాళ్లు కొట్టిన, మట్టి మోసిన కూలీల పేర్లు మాత్రం కట్ట మీద ఎక్కడా కనిపించవు. వాళ్లు మన అమ్మానాన్నల వంటివాళ్లే.

ఆయన నివేదికలో రెండో భాగం భూగర్భ మురుగునీటి పారుదల. అప్పటి హైదరాబాదులో మురుగు వీధి కాలువల్లో పారి మూసీలో కలిసేది. వరద తరువాత 1911లో నగరాన్ని ప్లేగు కూడా పీడించింది. మురుగును మూతవేసిన గొట్టాల్లో నగరం దిగువకు తీసుకుపోవాలని ఆయన పట్టుబట్టారు. ఆ పని వెంటనే కాలేదు. 1920ల్లో మళ్లీ పిలిస్తే మళ్లీ వచ్చి సలహాలిచ్చారు. చెరువులు కట్టటానికి ముందుకొచ్చే డబ్బు మురుగు కాలువల దగ్గరికి వచ్చేసరికి వెనకాడుతుంది. ఎందుకంటే చెరువు అందరికీ కనిపిస్తుంది, భూమిలోని గొట్టం ఎవరికీ కనిపించదు. మూసీ నేటికీ మురుగు మోస్తూనే ఉంది. ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్యం రాకుండా 1996లో 111 నంబరు జీవో ఇచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ ఇంకో జీవో వచ్చింది. కట్టటం ఎంత కష్టమో, కట్టినదాన్ని కాపాడటం అంతకంటే కష్టం.

దివాను పదవి, ఒక భేదాభిప్రాయం

1909 చివరిలో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లి కృష్ణరాజసాగర్‌ను చేపట్టారు. 1912 నుంచి 1918 వరకు దివానుగా ఉన్నారు. పదవి తీసుకునే ముందు బంధువులను పిలిచి, సిఫార్సుల కోసం తన దగ్గరికి రాకూడదని మాట తీసుకున్నారని చెప్పుకుంటారు. విద్యకు, పరిశ్రమలకు ఎంతో చేశారు.

అయితే మన హాస్టలు సంచికలో ఆయన గురించి రాసేటప్పుడు ఒక విషయం దాచకూడదు. ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర వర్గాలకు ప్రత్యేక వాటా ఇవ్వాలన్న ఆలోచనను ఆయన ఒప్పుకోలేదు. ప్రతిభ ఒక్కటే చూడాలన్నది ఆయన అభిప్రాయం. మహారాజు ఆ వాటా వైపు మొగ్గారు. 1918లో ఆయన దివాను పదవి వదిలారు. రిజర్వేషను వల్లనే ఇంతదాకా చదివిన మేము ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేము. తలుపు మూసి ఉన్నవాడి ప్రతిభ లోపలివాళ్లకు ఎట్లా కనబడుతుంది?

ఇంకో విషయం కూడా పక్కన పెట్టి చూడాలి. హిమాయత్‌సాగర్ పూర్తయిన ఆ 1927లోనే, మార్చి 20న, బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో వేలమందితో నడిచి చౌదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగారు. అందరి చెరువే, కానీ అంటరానివాళ్లన్న పేరుతో మనవాళ్లను దాని దగ్గరికి రానివ్వలేదు. ఇంజనీరు నీళ్లను శుభ్రం చేశారు. అంబేద్కర్ ఆ నీళ్లు అందరివీ అన్నారు. ఈ రెండు పనులూ కలిస్తేనే మంచినీళ్లు. గొట్టంలో వచ్చే నీరు ఎవరి కులమూ అడగదు. కానీ ఆ గొట్టం ఏ కాలనీ దాకా వేయాలో, ఏ కాలనీ దగ్గర ఆపాలో మనుషులే నిర్ణయిస్తారు. అతిసారం వచ్చిన చోట్ల పేర్లు చదివితే పేదల పేటలే ఎక్కువగా కనపడటానికి కారణం అదే.

విశ్వేశ్వరయ్య గారికి 1955లో భారతరత్న ఇచ్చారు. 1962లో నూరేళ్లు నిండిన వయసులో బెంగళూరులో కన్నుమూశారు. ఆ రోజు ఏప్రిల్ 14. ఇద్దరినీ ఒకే రోజున తలచుకునే వీలు మనకు ఉంది.

మనం చేయదగినది

మహనీయుల జీవితం చదివి చప్పట్లు కొట్టి వదిలేస్తే లాభం లేదు. మన పల్నాడులో చాలా ఊళ్లకు సాగర్ కుడి కాలువ నీళ్లతో నింపుకునే చెరువులే తాగునీటికి ఆధారం. బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగుతాయి. ఫ్లోరైడ్ కాచినా పోదు, వడగట్టినా పోదు. క్రిములైతే కాచితే చస్తాయి. కనుక ఏ నీటిలో ఏ చెడు ఉందో ముందు తెలుసుకోవాలి. విశ్వేశ్వరయ్య గారు నేర్పిన మొదటి పాఠం ఇదే: ముందు కొలువు, తరువాత పని.

గొట్టాల్లోకి మురుగు ఎట్లా వస్తుందో కూడా తెలుసుకుందాము. నీళ్లు వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. నీళ్లు ఆపగానే ఒత్తిడి పోయి, చుట్టూ ఉన్నది అదే చిల్లులో నుంచి లోపలికి వస్తుంది. గొట్టం మురుగు కాలువలో నుంచి పోతుంటే లోపలికి వచ్చేది మురుగే. అందుకని కుళాయి నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా తాగకుండా వెంటనే పంచాయతీకి చెప్పాలి. కుళాయి గుంటలో బిందె దించే పద్ధతి మానాలి.

వెయ్యి లీటర్ల తేటనీళ్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి చాలు. కలిపిన గంట తరువాతే వాడాలి. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. పొడి డబ్బా మూత తీసి ఉంచితే బలం పోతుంది. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, చెంచా మట్టంగా కొలిచి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తమ్ముళ్లారా, హాస్టలు పైన ఉండే ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో తేదీ రాసి గోడకు అంటించండి. నెలనెలా ఆ తేదీ మార్చే బాధ్యత ఇద్దరు తీసుకోండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ కాలనీ గొట్టం ఎక్కడ నుంచి వస్తుందో, ఏ కాలువ దాటుతుందో ఒకసారి నడిచి చూడండి. చదువుకున్నవాడు ఊరికి చేయగల మొదటి సేవ అది. మీలో ఒకరు రేపు నీటి సరఫరా శాఖలో ఇంజనీరు అవుతారు, ఇంకొకరు ఆరోగ్య శాఖలో చేరతారు, మరొకరు పంచాయతీ సర్పంచ్ అవుతారు. ఆ రోజున గొట్టం మన పేట దాకా వేయించండి, దాని పక్కన మురుగు కాలువ కూడా కట్టించండి. ఆ రెండూ జరిగిన ఊళ్లో కలరాకు చోటుండదు.